మూడు కొండలు, ఒకే వాలు

ఇంటికొచ్చి వారం దాటింది. కారు టైర్లకు ఊటీ మట్టి ఇంకా అలాగే ఉంది. మరిచిపోకముందే రాసిపెట్టుకుందామని కూర్చున్నాను.

ఈ ప్రయాణానికి కారణం మా మామయ్య. లెక్కల మాస్టారుగా రిటైరై తిరుపతిలో ఉంటున్నారు. నాలుగేళ్ళ కిందట రెండు గుండ్రటి గాజు బిళ్ళలు తెప్పించుకుని, మధ్యలో కార్బొరండం అనే గరుకు పొడి, నీళ్ళు వేసి, ఒకదాని మీద ఇంకొకటి పెట్టి నెలల తరబడి రుద్దారు. అలా రుద్దుతూ పోతే పైబిళ్ళ మెల్లగా గుంటపడుతుంది, కిందిది ఉబ్బుతుంది. పైదానికి మెరుగుపెట్టి, అల్యూమినియం పూత వేయించి, పీవీసీ పైపులో బిగించారు. ఆరంగుళాల టెలిస్కోప్ తయారైంది. దాంతో ఆయనకు ఒక్కటే ఇబ్బంది. రెండు వందల రెట్ల పవర్ పెట్టి గురుగ్రహాన్ని చూస్తుంటే నిమిషంలో అద్దంలోంచి జారిపోతుంది. మళ్ళీ వెతకాలి, మళ్ళీ జారిపోతుంది. "జారేది గ్రహం కాదురా, మనం. భూమి తిరుగుతోంది కదా. మరి పెద్ద టెలిస్కోపుల వాళ్ళు ఏం చేస్తారో చూసి రావాలి" అని రెండేళ్ళుగా అడుగుతున్నారు. తమిళనాడులో మూడు కొండల మీద మూడు రకాల టెలిస్కోపులున్నాయి. వాటి కోసం ముందే ఉత్తరాలు రాసి అనుమతులు తీసుకుని బయల్దేరాం.

ఫిబ్రవరి 1, శనివారం: ఆంబూరు, కావలూరు

మధ్యాహ్నానికి ఆంబూరు చేరాం. జీరక సాంబ బియ్యంతో చేసే బిర్యానీ ఇక్కడి ప్రత్యేకత. గింజ మన జీలకర్రలా సన్నగా, పొట్టిగా ఉంటుంది. పక్కన పులుసులో ఉడికిన వంకాయ కూర పెడతారు. బిర్యానీకి వంకాయేమిటి అనుకుంటూ మొదలుపెట్టిన మామయ్య రెండోసారి వంకాయే అడిగి వేయించుకున్నారు. ఇద్దరికీ 420 రూపాయలైంది.

వాణియంబాడి దగ్గర హైవే దిగి, ఆలంగాయం దాటాక జవ్వాదు కొండల రోడ్డు ఎక్కాం. చింతచెట్లు, మలుపులు, మధ్యమధ్య చిన్న ఊళ్ళు. ఫోన్లో సిగ్నల్ పోయింది. అబ్జర్వేటరీ గేటు ఎప్పుడు దాటామో తెలియదు, ఆరేడు కిలోమీటర్లు ముందుకెళ్ళిపోయాం. రోడ్డు పక్కన తేనె సీసాలు పెట్టుకుని కూర్చున్న పెద్దావిడను నాకొచ్చిన అరకొర తమిళంలో అడిగాను. ఆమె నా మొహం చూసి, "తెలుగోళ్ళా? ఎనక్కి పోండి నాయనా, తెల్ల గుండు కనపడతాది, ఆడ తిరుక్కోండి" అంది. ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటారట, చదవడం రాయడం మాత్రం తమిళమేనట. ఆ తెలుగులో ఒక తీరైన సాగుడు ఉంది. ఇంకాసేపు మాట్లాడాలనిపించింది. ఒక సీసా తేనె 350 రూపాయలకు కొని వెనక్కి తిరిగాం.

కావలూరు అబ్జర్వేటరీ చందనం చెట్లున్న అడవి మధ్యలో ఉంది. ఈ చోటును ఎంచుకున్నది ఖగోళ శాస్త్రవేత్త వేణు బాపు. ఆయన పెరిగింది, చదివింది హైదరాబాదులో. తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. కావలూరులో 1968లో 38 సెంటీమీటర్ల టెలిస్కోప్‌తో మొదలుపెట్టి, 1972లో ఒక మీటరుది పెట్టించి, తర్వాత మన దేశంలోనే 2.34 మీటర్ల అద్దంతో పెద్దది తయారుచేయించే పని ఎత్తుకున్నారు. అది పూర్తికాకముందే 1982లో పోయారు. 1986 జనవరి 6న అప్పటి ప్రధాని రాజీవ్ గాంధీ దానికి ఆయన పేరే పెట్టారు.

ఆ తెల్ల గుండు, అంటే టెలిస్కోప్ మీది గుండ్రటి కప్పు, లోపలికి వెళ్ళగానే చల్లగా తగిలింది. రాత్రి బయట ఉండబోయే చలికి లోపలి గాలి దగ్గరగా ఉండాలి. లోపల వేడి మిగిలితే గుండు తెరవగానే ఆ వేడిగాలి పైకి లేస్తూ నక్షత్రాన్ని వణికిస్తుంది. ఎండలో తారురోడ్డు మీద దూరంగా వస్తున్న లారీ అలలు అలలుగా కదిలినట్టు ఉంటుందే, అదే వణుకు.

అద్దం అట్టడుగున ఉంది. టెలిస్కోప్ అంటే గొట్టం, రెండు వైపులా గాజులు అనుకునేవాళ్ళకు ఇది టెలిస్కోప్‌లా కనిపించదు. చుట్టూ ఇనుప చట్రం, పైన ఖాళీ. మామయ్య అద్దం వెడల్పు విని అక్కడికక్కడే లెక్కేశారు. చీకట్లో మన కంటిపాప ఏడు మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. ఆయన ఆరంగుళాల అద్దం కంటి కన్నా దాదాపు 470 రెట్లు ఎక్కువ వెలుగు పడుతుంది. ఈ అద్దం లక్షా పదివేల రెట్లకు పైనే. "వాన పడుతుంటే గ్లాసు పెట్టడం వేరు, వాకిట్లో గంగాళం పెట్టడం వేరు" అన్నారు. టెలిస్కోప్ అసలు పని ఇదే. పెద్దదిగా చూపించడం ఆ తర్వాతి మాట. ఉన్న వెలుగే చాలకపోతే ఎన్ని రెట్లు పెంచినా మసకే మిగులుతుంది.

అద్దం గుంట పరావలయం ఆకారంలో ఉంటుంది. దూరపు నక్షత్రం నుంచి సమాంతరంగా వచ్చే కిరణాలు ఎక్కడ తగిలినా తిరిగి ఒకే బిందువుకు చేరడం ఆ ఆకారానికున్న గుణం. ఆ బిందువే ఫోకస్. ఇక్కడ అది అద్దానికి ఏడున్నర మీటర్ల పైన ఉంటుంది. కెమెరాను అక్కడే పెట్టొచ్చు. లేదా అక్కడికి కాస్త ముందు ఒక చిన్న ఉబ్బెత్తు అద్దం పెట్టి వెలుగును వెనక్కి మళ్ళించి, పెద్ద అద్దం నడుమనున్న రంధ్రం గుండా కిందికి దించొచ్చు. దీన్ని కాసెగ్రేన్ పద్ధతి అంటారు. అలా మళ్ళిస్తే ఫోకస్ దూరం ముప్పై మీటర్లవుతుంది, గొట్టం మాత్రం అంత పొడుగు అక్కర్లేదు. మామయ్యది న్యూటన్ పద్ధతి. చిన్న అద్దాన్ని ఏటవాలుగా పెట్టి వెలుగును పక్కకు తిప్పుతారు, గొట్టం పక్కన నిలబడి చూస్తారు.

ఆయన రెండేళ్ళ ప్రశ్నకు జవాబు మాత్రం అద్దంలో లేదు, అది కూర్చున్న పీఠంలో ఉంది. గుర్రపు లాడం ఆకారంలో పెద్ద ఇనుప చట్రం ఒక ఇరుసు మీద తిరుగుతుంది. ఆ ఇరుసు నేలకు సమంగా లేదు, ఉత్తరం వైపు కొద్దిగా పైకెత్తి ఉంది. ఎంత ఎత్తు? కావలూరు అక్షాంశం ఎంతో అంత, పన్నెండున్నర డిగ్రీలు. అలా ఎత్తితే ఇరుసు భూమి అక్షానికి సమాంతరమవుతుంది. భూమి తూర్పుకు తిరుగుతుంటే టెలిస్కోప్ అదే వేగంతో పడమరకు తిరుగుతుంది, నక్షత్రం కదలదు. మామయ్య జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి ఆ వాలును బొమ్మ గీసుకున్నారు. మా వెనక స్కూలు పిల్లలు నిలబడి ఉన్నారు, వాళ్ళ టీచరు తొందరపెడుతున్నా ఆయన గీయడం ఆపలేదు.

రాత్రి సందర్శకులకు చిన్న టెలిస్కోప్‌లో చూపించారు. పడమట నెలవంక, దానికి దగ్గరలోనే శుక్రుడు వెలిగిపోతున్నాడు. టెలిస్కోప్‌లో శుక్రుడూ వంకలాగే ఉన్నాడు. లైన్లో నా ముందున్న పాప, "చందమామను చూపించారు, శుక్రుడిని చూపించలేదు" అని తమిళంలో ఏడుపుమొహం పెట్టింది. మళ్ళీ చూపించి, అదే శుక్రుడు అని నచ్చజెప్పాల్సి వచ్చింది. ఓరియన్ నీహారిక బూడిదరంగు పొగలా ఉంది. ఫోటోల్లోని ఎరుపు కోసం చూసినవాళ్ళు నిరాశపడ్డారు. తక్కువ వెలుగులో మన కంటికి రంగు తెలియదు, కెమెరా నిమిషాల తరబడి వెలుగును పోగుచేసుకుంటుంది కాబట్టి దానికి తెలుస్తుంది. నాకు ఆ బూడిదరంగే నచ్చింది. అక్కడ బయల్దేరిన వెలుగు మధ్యలో ఏ తెరా లేకుండా నేరుగా నా కంట్లో పడింది.

అక్కడ విన్న ఒక సంగతి చెప్పాలి, తర్వాత ఊటీలో మళ్ళీ గుర్తొచ్చింది. 1977 మార్చిలో యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డుగా పోబోతోందని ఇక్కడి ఒక మీటరు టెలిస్కోప్ గురిపెట్టి కూర్చున్నారు. గ్రహం ఇంకా అడ్డురాకముందే నక్షత్రం వెలుగు కాసేపు తగ్గి మళ్ళీ వచ్చింది. అమెరికావాళ్ళు విమానంలో పెట్టిన టెలిస్కోప్‌తోనూ అలాంటి తగ్గుదలలే చూశారు. యురేనస్‌కు వలయాలున్నాయని అలా తెలిసింది.

ఫిబ్రవరి 2: దారిలో

రోజంతా కారే. కొడైకెనాల్, ఊటీ వెళ్ళే బండ్లకు 2024 మే నుంచి ఈ-పాస్ ఉండాలి. నేను ఒక్క కొడైకే తీసుకున్నాను. రెండింటికీ వేర్వేరుగా తీసుకోవాలని చెక్‌పోస్టు కుర్రాడు చెప్పాడు, తన ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి పక్కన నిలబడి ఊటీది కూడా తీయించాడు. టీ తాగమంటే వద్దన్నాడు.

ఫిబ్రవరి 3: కొడైకెనాల్

పొద్దున్నే మంచు. గది 2,200 రూపాయలు, వేడినీళ్ళు ఏడింటి దాకానే. బజార్లో పూంబారై వెల్లుల్లి జడలు కట్టి అమ్ముతున్నారు. చిన్న రెబ్బలు, వాసన మాత్రం గట్టిది. అత్తయ్య కోసం మామయ్య అరకిలో కొన్నారు, మిగతా ప్రయాణమంతా కారు పచ్చడి జాడీలా ఘుమఘుమలాడింది.

ఇక్కడి సౌర అబ్జర్వేటరీ 2,300 మీటర్ల ఎత్తున ఉంది. మద్రాసు నుంచి 1899లో ఇక్కడికి తరలించారు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళ నుంచి సూర్యుడి ఫోటోలు తీస్తూనే ఉన్నారు. మొదట చూపించింది ఆరంగుళాల పాత కటకం టెలిస్కోప్. పారిస్‌లో చేసింది, 1850 నాటిది.

మామయ్య దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. ఆయన అద్దమూ ఆరంగుళాలే మరి. గాజు కటకం వెలుగును వంచుతుంది, కానీ అన్ని రంగులనూ ఒకే మాదిరిగా వంచదు. నీలం ముందే కలుస్తుంది, ఎరుపు ఇంకాస్త దూరం పోయి కలుస్తుంది. అందుకే ఒక్క కటకంతో చేస్తే ప్రతి నక్షత్రానికీ రంగుల అంచు కనిపిస్తుంది. రెండు రకాల గాజులతో చేసిన రెండు కటకాలను జంటగా పెడితే ఒకదాని తప్పును రెండోది చాలావరకు సరిచేస్తుంది. అద్దానికి ఈ బాధ లేదు, అన్ని రంగులూ ఒకే కోణంలో తిరిగి వస్తాయి. పైగా కటకం గుండా వెలుగు పోవాలి కాబట్టి దాన్ని అంచుల దగ్గరే పట్టుకోగలం. పెద్దదైతే తన బరువుకు తానే కుంగుతుంది. అమెరికాలోని యెర్కీస్ అబ్జర్వేటరీలో 1897లో పెట్టిన 40 అంగుళాల కటకమే ఆ రకంలో పెద్దది, ఆ తర్వాత అంతకన్నా పెద్దది పనికి పెట్టలేదు. అద్దాన్నయితే వెనక నుంచి ఎన్ని చోట్లయినా మోయొచ్చు.

మరి సూర్యుడి కోసం ఇంకా కటకమే ఎందుకు? దానికి జవాబు సొరంగంలో దొరికింది.

పదకొండు మీటర్ల బురుజు మీద 60 సెంటీమీటర్ల చదునైన అద్దాలు రెండున్నాయి. మొదటిది ఎండను పట్టి రెండోదానికిస్తుంది, రెండోది కిందికి పంపుతుంది. కింద మూడో అద్దం దాన్ని 60 మీటర్ల పొడవైన భూగర్భ సొరంగంలోకి మళ్ళిస్తుంది. అక్కడ 38 సెంటీమీటర్ల కటకం ఉంది, దాని ఫోకస్ దూరం 36 మీటర్లు. నక్షత్రాలతో వెలుగు చాలక బాధ, సూర్యుడితో ఆ బాధ లేదు. కావాల్సింది పెద్ద బొమ్మ. సూర్యుడి బొమ్మ ఫోకస్ దూరంలో సుమారు 107వ వంతు ఉంటుంది. మామయ్య టెలిస్కోప్‌లో అది చిటికెనవేలి గోరంత. ఇక్కడ 34 సెంటీమీటర్లు, అన్నం పళ్ళెం కన్నా కాస్త పెద్దది. సొరంగం నేల కింద ఎందుకంటే అక్కడ చలీ వేడీ త్వరగా మారవు, గాలి నిలకడగా ఉంటుంది. లోపల మేము కూడా మెల్లగా నడిచాం, మెల్లగా మాట్లాడుకున్నాం.

తెల్లటి పలక మీద సూర్యుడు పడ్డాడు. మూడు నాలుగు చోట్ల మచ్చలు, నడుమ నల్లగా, చుట్టూ పోగులు పోగులుగా బూడిదరంగు అంచు. మా ఊళ్ళో రోజూ తిట్టుకునే ఎండ ఇదేనా అనిపించింది. ఆ బూడిదరంగు అంచులోనే 1909లో జాన్ ఎవర్‌షెడ్ ఇక్కడ ఒక విషయం పట్టుకున్నారు. మచ్చ అంచు నుంచి వచ్చే వెలుగును రంగుల పట్టీగా, అంటే వర్ణపటంగా విడదీసి, అందులోని నల్లటి గీతలు ఒక పక్కన ఎరుపు వైపు, ఇంకో పక్కన నీలం వైపు జరగడం గమనించారు. మన నుంచి దూరమయ్యే వాయువు గీతలు ఎరుపు వైపు, దగ్గరయ్యేదానివి నీలం వైపు జరుగుతాయి. వాయువు మచ్చ నుంచి బయటివైపుకు ప్రవహిస్తోందని దాన్నిబట్టి తేల్చారు. ఆ ప్రవాహాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఇంత వెడల్పు బొమ్మ ఉంటే అందులో ఒక్క మచ్చ ముక్కను ఎంచుకుని దాని వెలుగును మాత్రమే పరీక్షించొచ్చు. పొడుగు సొరంగం అవసరం అక్కడుంది.

పిల్లలున్న ఇళ్ళవాళ్ళకు ఒక మాట. ఇక్కడ అందరం చూసింది పలక మీద పడిన బొమ్మను. సరైన సోలార్ ఫిల్టర్ ముందు భాగంలో లేకుండా ఏ టెలిస్కోప్‌లోనూ సూర్యుడిని కంటితో చూడకూడదు, క్షణంలో చూపు పోతుంది.

బురుజు మీది మొదటి అద్దం దగ్గర మామయ్య నోటుబుక్కు మళ్ళీ బయటికొచ్చింది. దాని ఇరుసూ ఉత్తరానికి ఎత్తి ఉంది, ఇక్కడ పదిడిగ్రీల పైచిలుకు. కానీ ఇది రోజుకొక చుట్టు తిరగదు, 48 గంటలకు ఒక చుట్టు. అద్దం ఒక డిగ్రీ తిరిగితే దాని మీది వెలుగు రెండు డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి సగం వేగం చాలు. "అరె, ఇది నాకు తట్టనేలేదు" అన్నారు. డెబ్భై ఏళ్ళ మనిషి ముఖం అలా వెలగడం చూసి నేను ఫోటో తీశాను. అది కదిలిపోయి మసగ్గా వచ్చింది. అయినా దాచుకున్నాను.

ఫిబ్రవరి 4: పళని

ఘాట్ దిగాక పళనిలో ఆగాం. మామయ్యకు మలుపులతో కడుపులో తిప్పింది. కొండ ఎక్కలేకపోయారు, కింద నుంచే దండం పెట్టుకున్నారు. అరటిపళ్ళు, బెల్లం, తేనె, నెయ్యి, యాలకులు వేసిన పంచామృతం డబ్బా కొన్నాం. వేలితో తీసుకుని తింటూ కూర్చుంటే ఆయనకు కాస్త ప్రాణం లేచి వచ్చింది.

ఫిబ్రవరి 5: ఊటీ, ముత్తోరై

నీలగిరుల చెక్‌పోస్టులో మా నీళ్ళసీసాలు తీసేసుకున్నారు. ప్లాస్టిక్ నిషేధం సంగతి తెలిసీ మర్చిపోయాం. కాఫీకి ఆగిన చోట వర్కీ పెట్టారు. పొరలు పొరలుగా కరకరలాడే బిస్కట్టు, వేడి టీలో ముంచి తినాలి, ఒక్క క్షణం ఆలస్యమైతే గ్లాసులో పడిపోతుంది.

కారుకు విశ్రాంతినిచ్చి ఆటో మాట్లాడాం. "రేడియో టెలిస్కోప్" అన్నాను. డ్రైవరు రేడియో అన్న మాట ఒక్కటే పట్టుకుని తీసుకెళ్ళి ఆకాశవాణి కేంద్రం ముందు దింపాడు. ముత్తోరై అని చెబితే అప్పుడు నవ్వి, "నీళంగా (పొడుగ్గా) ఉంటుందే, అదా" అని చేతులు రెండూ చాపాడు. వెనక్కి తిప్పి తీసుకెళ్ళాడు, అదనంగా ఒక్క రూపాయి అడగలేదు. మామయ్యే 50 ఎక్కువ ఇచ్చారు.

క్యారెట్ తోటలు దాటి మలుపు తిరగ్గానే కనిపించింది. కొండవాలు వెంట 530 మీటర్ల పొడవున, 30 మీటర్ల వెడల్పున, నిలువునా సగానికి చీల్చిన గొట్టంలా. 24 ఇనుప చట్రాలు వరుసగా నిలబడి, వాటి మధ్య సన్నటి స్టీలు తీగలు 1,100 ఈ చివరి నుంచి ఆ చివరికి సాగి ఉన్నాయి. రేడియో ఖగోళ శాస్త్రవేత్త గోవింద్ స్వరూప్ బృందం 1970లో పూర్తిచేసింది. గేటు దగ్గర ఫోన్లు ఆపేయమన్నారు. ఆకాశం నుంచి వచ్చే సంకేతం అంత బలహీనం.

"ఇందులో అద్దం ఏదిరా?" అన్నారు మామయ్య. ఆ తీగలే అద్దం. వెలుగు తరంగం పొడవు మిల్లీమీటరులో రెండు వేలవ వంతు. అందుకే ఆయన అద్దాన్ని నెలల తరబడి మెరుగుపెట్టాల్సి వచ్చింది. తరంగం పొడవులో చిన్న వంతు కన్నా పెద్ద ఎగుడుదిగుడు ఉండకూడదు. ఇక్కడ పట్టే రేడియో తరంగం పొడవు 92 సెంటీమీటర్లు. వేళ్ళు దూరే సందులున్నా ఆ తరంగానికి అది గట్టి గోడే. గాలి మాత్రం ఆ సందుల్లోంచి హాయిగా పోతుంది, కొండగాలికి చట్రం ఊగదు.

వాలు గురించి ఎవరూ చెప్పకముందే ఆయనకు అర్థమైంది. కొండవైపు చూసి, నోటుబుక్కు చూసి, మళ్ళీ కొండవైపు చూశారు. కొండ ఉత్తర దక్షిణాలుగా ఉంది. వాలు పదకొండు డిగ్రీలు. ఊటీ అక్షాంశమూ అంతే. కావలూరులో ఇనుముతో చేసిన ఇరుసును ఇక్కడ కొండే ఇస్తోంది. అలాంటి వాలున్న కొండ కోసం వెతికి వెతికి ఇక్కడ కట్టారు. చట్రాలన్నీ ఒకే ఇరుసు మీద తూర్పు నుంచి పడమరకు తిరిగితే చాలు, ఒక వస్తువును తొమ్మిదిన్నర గంటలు వదలకుండా చూడొచ్చు. చూపును ఉత్తర దక్షిణాలకు తిప్పడానికి ఇనుము కదలక్కర్లేదు. ఫోకస్ గీత వెంట వెయ్యికి పైగా చిన్న యాంటెన్నాలున్నాయి. వాటిలో ఒక్కోదాని సంకేతాన్ని రవ్వంత ఆలస్యం చేసి కలిపితే చూపు అటో ఇటో మళ్ళుతుంది.

నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. అర కిలోమీటరు పొడవున్న ఈ టెలిస్కోప్ చూపు ఉత్తర దక్షిణాల్లో డిగ్రీలో పదోవంతు, తూర్పు పడమరల్లో రెండు డిగ్రీల పైనే. పదును ప్రకారం మన కన్నే నయం. చూపు ఎంత పదునుగా ఉంటుందన్నది టెలిస్కోప్ వెడల్పులో ఎన్ని తరంగాలు పడతాయన్నదాన్ని బట్టి ఉంటుంది. కంటిపాపలో వేల తరంగాలు పడతాయి, ఇక్కడి పొడవులో ఆరువందలలోపే. మరి రేడియో తరంగాలు వెదజల్లే దూరపు గెలాక్సీల పరిమాణం ఎలా కొలిచారు? చందమామ సాయంతో. చంద్రుడి అంచు ఒక రేడియో మూలాన్ని కప్పేటప్పుడు సంకేతం ఎలా తగ్గుతూ పోయిందో గీసి, దాన్నిబట్టి పరిమాణం కట్టారు. కావలూరులో యురేనస్ నక్షత్రాన్ని కప్పినప్పటి కథే ఇది.

మేముండగానే సాయంత్రం చట్రాలు కదిలాయి. చప్పుడు పెద్దగా లేదు. కొండ మొత్తం పక్కకు ఒత్తిగిలినట్టుంది. మామయ్య టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

తిరుపతి

మొత్తం ఖర్చు, పెట్రోలుతో కలిపి, పద్దెనిమిది వేల చిల్లర. తేనె సగం అయిపోయింది.

వచ్చిన మూడోరోజు నుంచి మామయ్య మిద్దె మీద వడ్రంగి పని పెట్టారు. రెండు చెక్కలు, మధ్యలో ఒక ఇరుసు, ఉత్తరం వైపు పదమూడున్నర డిగ్రీలు ఎత్తు. తిరుపతి అక్షాంశం అంతే. మోటారు ఇంకా లేదు, చేత్తో నెమ్మదిగా మర తిప్పాలి. నిన్న రాత్రి పీవీసీ టెలిస్కోప్‌ను దాని మీద నిలబెట్టి గురుగ్రహానికి గురిపెట్టారు. నేను మర తిప్పుతూ కూర్చున్నాను, ఆయన చూస్తూ నిలబడ్డారు. అత్తయ్య అన్నానికి రెండుసార్లు పిలిచింది. ఇరవై నిమిషాలు గడిచాయి. "ఉందా మామయ్యా?" అని అడిగాను.

"ఉందిరా. తిప్పుతూ ఉండు" అన్నారు.